ఎంత దూరం నుంచి చూడాలి

"ఒక్క గంట కూర్చోండక్కా, పోయి పట్టుకొచ్చేస్తా," అంటూ లుబోవా తన ప్లాస్టిక్ కుర్చీని నల్వోగ వైపు తోసి, చొక్కా పైగుండీ పెట్టుకుని వానలోకి దిగిపోయాడు. పోతూ పోతూ ఆ కొత్త కెమెరాను ఆమె ఒళ్ళో పెట్టి పోయాడు, చంటిబిడ్డను పొరుగావిడకు అప్పజెప్పి నీళ్ళకు వెళ్ళే తల్లిలాగా, ఊరూ పేరూ కూడా అడక్కుండా. కంపాలా నడిబొడ్డున, టాక్సీల స్టాండు మీదికి చూసే ఆర్కేడ్‌లో, మూడో అంతస్తులో, ఒక మంచం పడితే నిండిపోయే కొట్టు అది. అందులో సగం లుబోవా పాత కెమెరాలది, సగం అద్దె పంచుకునే కిసాచే వాళ్ళమ్మ కుట్టుమిషనుది. నల్వోగ కెమెరాను రెండు చేతులా పట్టుకుంది. బరువే లేదు. ఇంత డబ్బు పోసి కొనేదానికి ఇంత తక్కువ బరువేమిటి, గుప్పెడు వేరుశనక్కాయలంత, పదకొండేళ్ళుగా బుసంబ రేవులో పడవ తోస్తూ తను మోసిన సంచులు ఒక్కోటీ మేకపిల్లంత ఉండేవి కదా, పక్షులు చూడ్డానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చినవాళ్ళ సంచులు, పడవ ఊగితే తడుస్తాయని వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది గానీ ఒక్కదాని జిప్పు కూడా ఏనాడూ ముట్టుకోలేదు, ఇప్పుడు ఒళ్ళో ఉన్నది మాత్రం మూత తీసి ఉంది, తెరిచిన కన్నులా ఉంది, ఎవరూ వద్దనడంలేదు.

ఆమె దగ్గరున్న డబ్బుకు దారులు రెండే అని లుబోవా పొద్దున్నే తేల్చి చెప్పాడు. ఒకటి ఈ కొత్తది, దీనితోపాటు వచ్చే ఈ పొట్టి లెన్సు, దగ్గర మనుషులకు, ఇళ్ళల్లోకి, పెళ్ళిళ్ళకు. రెండోది ఒక పాత కెమెరా, అంచులు అరిగి లోహం బయటపడినది, దానికి తగిలించే పొడుగు లెన్సు వేరే బిల్డింగులో స్నేహితుడి దగ్గర ఉంది, వాడు అమ్మితే. రెండూ కలిపి కొనాలంటే ఇంకో మూడేళ్ళు పడవ తోయాలి. "మీరు ఏం తీస్తారో చెప్పండక్కా, ఏది కొనాలో నేను చెప్తాను," అన్నాడు, దానికి ఆమె దగ్గర తయారుగా ఉన్న జవాబు చెల్లెలిది: క్వాంజులాలు తీస్తాం. పెళ్ళికొడుకు తరపువాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల ఇంటివాళ్ళ చేత నానా మాటలు పడే ఆ రోజుకు ఫోటోలు తీసేవాళ్ళు బుసంబ చుట్టుపక్కల పది ఊళ్ళకూ లేరు, కంపాలా నుంచి వచ్చేవాళ్ళు భోజనం కూడా పెట్టించుకుని పోతారు. డబ్బులో సగం చెల్లెలిది, రేవులో బొగ్గుల మీద అరటిపళ్ళు కాల్చి అమ్మి కూడబెట్టినది. నోటితో చెల్లెలి జవాబే చెప్పింది నల్వోగ, చెప్పినాక, "ఊరికే, ఆ పొడుగుది కూడా ఒకసారి చూడొచ్చా?" అంది. లుబోవా ఆమె ముఖంలోకి చూసి, గొడుగు లేకుండానే బయల్దేరాడు.

రేకుల మీద వాన ఎంత గట్టిగా పడుతోందంటే మిషను చప్పుడు కూడా వినపడడంలేదు, కిసాచే వాళ్ళమ్మ కాలు మాత్రం ఆడుతోంది. నల్వోగ కెమెరాను కంటికి ఆనించి ఆవిడ వైపు తిప్పింది. లోపల ఒక చిన్న టీవీలాంటిది వెలిగింది. ముందు అంతా మసక, తర్వాత ఏదో చిన్నగా గిరగిరమని, ఆవిడ చెయ్యి వచ్చి నిలబడింది, ఎంత దగ్గరగా అంటే వేలి చివర తొడుక్కున్న అంగుస్తాను మీద ఒక్కొక్క గుంటా కనిపించింది, సూదిలోంచి దిగుతున్న ఊదారంగు దారం మీద నూగు కనిపించింది, వెనక ఉన్న గోడా వేలాడే గౌనులూ అన్నీ కరిగి రంగునీళ్ళయిపోయాయి. ఇంతసేపూ ఇక్కడే కూర్చున్నాను కదా, ఈ చెయ్యి ఇంత అందంగా ఉందని నాకెందుకు తెలియలేదు అనుకుంది. నొక్కింది. చప్పుడు కూడా రాలేదు, రెప్ప వాలినట్టు చిన్న చీకటి, అంతే.

"నన్నా తీశావు?" అంది ఆవిడ తల ఎత్తకుండానే. "ముఖం కడుక్కోలేదే."

"ముఖం కాదమ్మా, చెయ్యి."

"చెయ్యా? చెయ్యేముంది అందులో." అని, మిషను ఆపి, "ఏదీ, చూపించు," అంది. చూసింది. అరవై ఏళ్ళ ఆవిడ, ముక్కు మీది కళ్ళద్దాలు పైకి తోసుకుని, కిందికి లాక్కుని, తన చేతిని వెలుగులోకి పెట్టి ఇటూ అటూ తిప్పి, మళ్ళీ తెరలోకి చూసింది. "మా అమ్మ చెయ్యి ఇది," అంది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఇదే కొనాలి. ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఎదుటివాళ్ళకు వాళ్ళమ్మ చేతిని చూపించగలిగే వస్తువు ఇది, చెల్లెలు చెప్పింది నిజమే, పెళ్ళికూతుళ్ళు, తాతలు, బుట్టల్లో మామిడిపళ్ళు, చెవి పక్కన జారిన వెంట్రుక, అన్నీ ఇందులోకి వస్తాయి, డబ్బులూ వస్తాయి, ఇక ఆ పొడుగు లెన్సు కోసం ఆ మనిషి వానలో ఎందుకు తడవాలి, పిలిచి చెప్తే పోలేదూ, కానీ ఫోన్ తీయలేదు ఆమె, తడుస్తున్న టాక్సీల తెల్లటి వీపులను చూస్తూ కూర్చుంది, కింద కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరుస్తుంటే వానకు ఆ పేర్లు సగం సగం పైకి వస్తున్నాయి, సరస్సు మీద వాన ఇలా ఉండదు, అక్కడ వాన దూరాన బూడిదరంగు గోడలా లేచి నడిచి వస్తుంది, తుంగ పొదలు ముందే తలలు వంచుకుంటాయి, పక్షులు ఎక్కడివక్కడ నిలబడిపోతాయి, బుల్వే అయితే అసలే కదలదు, వాన లేనప్పుడూ కదలదు కదా అది, మనిషి రొమ్ము దాకా వచ్చే ఎత్తు, సీసపు రంగు ఒళ్ళు, ముఖానికి చెక్క బూటు తగిలించినట్టు ఆ ముక్కు, గంటసేపు ఒంటికాలి మీద ఒకే నీటి మడుగులోకి చూస్తూ. నాన్న చేపలకు పోయే రోజుల్లో దారిలో బుల్వే కనిపిస్తే తెడ్డెత్తి అరిచి తరిమేవాడు, తరిమినా ఆ రోజు వల వేయకుండా ఇంటికి తిరిగొచ్చేవాడు, అది ఎదురైతే బురదమట్ట చేప ఒక్కటీ పడదని. ఆ తండ్రి కూతురు ఇప్పుడు అదే పక్షిని చూపించి పొట్ట పోసుకుంటోందని రేవులో నవ్వేవాళ్ళు, ఇప్పుడెవరూ నవ్వరు, అందరూ అదే పనిలో ఉన్నారు.

పదకొండేళ్ళు చూసింది దాన్ని. చూశాను అనుకుంది. ఒక బెల్జియం ముసలాయన వచ్చాడు ఆరేళ్ళ క్రితం, ఇద్దరికీ కలిసే భాష లేదు, పొద్దున్నుంచీ ఒక్క మాట లేదు, తెడ్డు చప్పుడు తప్ప. ఆయన లెన్సు ఆమె తొడంత ఉంది. బుల్వేను చూసి ఒక గంట తీశాడు, తర్వాత ఏమనుకున్నాడో, పక్కకు జరిగి, రా అని చేత్తో పిలిచాడు. పడవ ఊగకుండా మోకాళ్ళ మీద పాకి కన్ను పెట్టింది. లోపల పక్షి లేదు. కన్ను ఒక్కటే ఉంది. లేత బూడిద రంగు గాజులాంటి కన్ను, చుట్టూ సన్నటి గీతలు, ఎండిన మడుగు అంచులాగా, అది ఆమెనే చూస్తున్నట్టుంది, అప్పుడు పక్కనుంచి పలచటి తెర ఒకటి జారి వచ్చి, కన్నంతా తుడిచి, మళ్ళీ వెనక్కి పోయింది. రెప్ప కాదు అది. రెప్ప లోపల ఇంకో రెప్ప. రోజూ చూసే పక్షి, రోజూ వేలు పెట్టి చూపించి అదిగో అని చెప్పే పక్షి, దాని కంటికి ఒక తెర ఉందని, నిమిషానికి ఇన్నిసార్లు ఆ తెర వచ్చి కడిగి పోతుందని ఆమెకు తెలియదు, ఆమెకే కాదు, నాన్నకు తెలియదు, నాన్న నాన్నకు తెలియదు, అంత దగ్గరగా బతికినవాళ్ళెవరికీ తెలియదు. ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది. ముసలాయన భుజం తట్టాడు, చాలు అని కాదు, నాకు తెలుసు అని. ఆ రోజే అనుకుంది, ఎప్పటికైనా ఒకటి కొనాలని. అనుకున్నది ఇలాంటి గుప్పెడు వేరుశనక్కాయలు కాదు.

వాన కాస్త తగ్గింది, మళ్ళీ పెరిగింది. లుబోవా రాలేదు. ఆ స్నేహితుడు అమ్మనన్నాడేమో, అదీ మంచిదే, అప్పుడు తను ఎంచుకోవాల్సిన పని ఉండదు, కొత్తది కొనుక్కుని ఇంటికి పోవచ్చు, చెల్లెలికి ముఖం చూపించవచ్చు, గూట్లోని ఆ రెండింటి సంగతి ఎవరికీ తెలియాల్సిన పనిలేదు. ఆ రెండు. కళ్ళు మూసుకుంటే చాలు ఎదురుగా ఉంటాయి. బుసంబకు పడమరగా, పడవలు పోని చోట, తేలే తుంగ దిబ్బ మీద గూడు ఉందని ఆమె ఒక్కతే కనిపెట్టింది, గుడ్లు ఉన్నప్పటి నుంచీ వారానికోసారి పోయి దూరంగా ఆగి చూసి వచ్చేది. బుల్వే రెండు గుడ్లు పెడుతుంది, మూడు కూడా, కానీ పెరిగేది ఒక్కటే. ముందు పుట్టింది తర్వాతి దాన్ని పొడుస్తుంది, తల్లి పొడిచేదానికే తిండి పెడుతుంది, పది రోజుల్లో చిన్నది ఉండదు. ఇది అందరికీ తెలిసిన సంగతి, పుస్తకాలు చదువుకొచ్చినవాళ్ళు కూడా ఇదే చెప్తారు. ఈ గూట్లో రెండూ ఉన్నాయి. నెల దాటింది, రెండూ ఉన్నాయి. రెండు నెలలు నిండాయి, బూడిదరంగు దూది మూటల్లా రెండు తలలు, ఒకటి పెద్దది, ఒకటి దానికన్నా బెత్తెడు చిన్నది, రెండూ ముక్కులు చాచి. రేవులో చెప్తే పడవల వాళ్ళకు పెద్ద అయిన కిబిరిగే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒకటి పిల్ల, ఇంకోటి దాని నీడ అయ్యుంటుంది నల్వోగా. ఎండదెబ్బ తగిలింది నీకు." ఫోన్ తీసి చూపించింది, పచ్చటి అడ్డుగీతల మధ్య బూడిదరంగు చుక్క ఒకటి. "ఇది పిల్లా? ఎవరి ముక్కులోంచి వచ్చింది?" అన్నాడు, అందరూ నవ్వారు. ఇంకో నెలలో రెక్కలు వస్తాయి, గూడు ఖాళీ అవుతుంది, అప్పుడిక ఎవరూ నమ్మాల్సిన పని కూడా ఉండదు.

చెల్లెలికి మాత్రం అసలు చెప్పనే లేదు. చెల్లెలిని ఊరంతా నాలోంగో అంటుంది, కవలల తల్లి అని. ఆ పేరు ఒకసారి వచ్చాక ఇక పోదు, పెద్దవాళ్ళు కూడా ముందుకు వంగి పలకరిస్తారు, సంతలో దారి ఇస్తారు. పిల్లల్లో ఒకరు ఎగిరిపోయినా ఆ పేరు పోదు. ఎగిరిపోవడమే అనాలి, కవలల విషయంలో ఇంకో మాట ఎవరి నోటా రాకూడదు. కవలల్లో పెద్దవాడు వాస్వాకు ఇప్పుడు ఆరేళ్ళు, చింతకాయలు కొట్టడానికి కంచెలు దూకుతాడు. కాటో పుట్టిన అయిదో నెలలో ఎగిరిపోయాడు. చిన్నవాడు, రెండోవాడు. అలాంటి చెల్లెలి దగ్గరికి పోయి, రేవులో పొయ్యి ముందు కూర్చుని, గూట్లో రెండో పిల్ల ఉంది అని ఎలా చెప్పడం, చెప్పాక పై వారం అది లేకపోతే ఏమని చెప్పడం.

అంతకంటే చెప్పలేనిది ఇంకోటి ఉంది. అది తనకు తాను కూడా చెప్పుకోకుండా నెట్టుకొస్తోంది నల్వోగ, ఇప్పుడు ఈ వాన, ఈ కుర్చీ, చేతిలో ఈ వస్తువు, ఎటూ పోవడానికి లేదు. కిబిరిగే నవ్విన మర్నాడు మధ్యాహ్నం ఒక్కతే పోయింది. చుక్క పెద్దదవ్వాలి, అంతే, ఇంకే ఆలోచనా లేదు. ఫోన్ పైకెత్తి పట్టుకుని, తెడ్డు లోతుగా దించి, ఎప్పుడూ ఆగే చోటు దాటింది, ఇంకొంచెం, ఇంకొంచెం, తుంగ కాడలు పడవ అడుగును గీరుతుంటే ఇంకొంచెం, కొత్తగా వచ్చినవాళ్ళు దగ్గరికి పోనీ అంటే పోనివ్వకుండా తిట్టి వెనక్కి తిప్పింది తనే, ఎన్నిసార్లో. తల్లి లేచి నిలబడింది. చూసింది. అది రెక్కలు విప్పితే గాలి వచ్చి ముఖానికి తగిలింది, అంత దగ్గర. పోయింది. నల్వోగ ఫోన్ ఎత్తేసరికి ఎండ పిల్లల మీద పడింది, అంతవరకూ తల్లి నీడ కింద ఉన్నాయి కాబోలు, రెండూ నోళ్ళు తెరిచి, గొంతులు ఎగరేస్తూ, పెద్దది కూర్చునే ఉంది, చిన్నది తల వాల్చేసింది. తల అలా తుంగ మీద పెట్టేసింది. వెనక్కి తోస్తే పడవ తుంగలో చిక్కుకుంది. లాగి, తోసి, నీళ్ళలోకి దిగి భుజంతో నెట్టి, ఎంతసేపో, తిరిగి తన దూరానికి వచ్చి, మళ్ళీ ఇంకా వెనక్కి పోయి, తుంగ చాటున పడవలో పడుకున్నట్టు వంగి చూసింది. రాలేదు తల్లి. ఎండ అలాగే ఉంది. రావాలి, రావాలి, రావాలి. వచ్చింది చివరికి, నేరుగా గూటి మీదికి కాదు, పక్కన మడుగులో దిగి, ఆ పెద్ద ముక్కు ముంచి, నింపుకుని, బరువుకు తల ఊగుతుంటే నడిచి వచ్చి, పిల్లల మీద వంచింది. నీళ్ళు. ముక్కుతో నీళ్ళు మోసుకొచ్చి పిల్లలకు స్నానం పోసింది. పెద్దదానికి పోసింది, మళ్ళీ పోయి నింపుకొచ్చి, తల వాల్చినదానికి పోసింది. మూడోసారికి అది తల ఎత్తింది. అంత దూరం నుంచి అవన్నీ చూసిందా, సగం ఊహించిందా, ఇప్పటికీ తెలియదు. చేతిలో ఫోన్ ఉంది, ఒక్కటీ తీయలేదు. తనలాంటి మనిషికి అది తీసే అర్హత లేదనుకుని, తడి బట్టల్లో అలాగే కూర్చుండిపోయింది, కానీ ఏడుపులో కూడా ఒళ్ళు జలదరించింది, భూమ్మీద ఇలాంటిది ఒకటి రోజూ జరుగుతోంది కదా అని, ఎవరూ చూడకపోయినా జరుగుతూనే ఉంది కదా అని.

"అమ్మాయ్, ఏడుస్తున్నావా?" అంది కిసాచే వాళ్ళమ్మ.

"లేదమ్మా, వాన."

"లోపల కూర్చున్న మనిషికి వానేమిటి," అంటూ ఆవిడ ఒక గుడ్డపీలిక అందించింది, ఊదారంగుది.

లుబోవా వచ్చేసరికి తల నుంచి నీళ్ళు కారుతున్నాయి, లెన్సు మాత్రం చొక్కా లోపల, పొట్టకు ఆనించి, పొడిగా ఉంది. "వాడు ఇచ్చేవాడు కాదక్కా, వాళ్ళావిడ చేత కేకలేయించాను," అన్నాడు. పాత కెమెరాను బల్ల మీద పెట్టి, బోర్లా పట్టుకుని దాని మూత తిప్పి తీశాడు. దుమ్ము పడకుండా అలా కిందికి వంచి పట్టుకోవాలని నల్వోగకు తెలుసు, పడవలో ఎంతమందికో గొడుగు పట్టింది ఆ పని జరుగుతుంటే, కానీ లోపలికి చూడడం ఇదే మొదటిసారి. గుండ్రటి గొంతు, అందులో ఏటవాలుగా వేలిగోరంత అద్దం. అద్దంలో కొట్టు వాకిలి, ఆకాశం. లుబోవా లెన్సును చుక్కకు చుక్క కలిపి తిప్పాడు, టక్కుమంది. "కొత్తదానిలో మీరు చూసేది టీవీ బొమ్మ అక్కా. ఇందులో బొమ్మ లేదు. ఆ ముందు గాజులోంచి వచ్చిన వెలుగు అద్దం మీద పడి నేరుగా మీ కంట్లోకి వస్తుంది. మధ్యలో ఎవరూ లేరు." అమ్మేవాడి గొంతు కాదు అది, తనకు ఇష్టమైన సంగతి చెప్పేవాడి గొంతు. తర్వాత అమ్మేవాడి గొంతు వచ్చింది. "కానీ పెళ్ళిళ్ళకు పనికిరాదు. నా మాట విని కొత్తది తీసుకోండి. దీనికి ఫోకస్ నెమ్మది, లెన్సు మీద తిప్పే చక్రం బిగుసుకుంది, అంకెలు అరిగాయి. మళ్ళీ నన్ను తిట్టుకోవద్దు."

బరువు. చెయ్యి కిందికి దిగింది, రెండో చెయ్యి అదంతటదే లెన్సు కిందికి వెళ్ళి ఆపింది. నడవాలోకి పోయి గోడకు మోచెయ్యి ఆనించి, ఎదురు బిల్డింగు మీదికి చూసింది. అక్కడ కలోలి కొంగలు కూర్చున్నాయి, నగరంలో చెత్త తిని బతికేవి, బట్టతల, గొంతు కింద వేలాడే తిత్తి, కంపాలాలో వాటిని ఎవరూ చూడరు, తల మీద రెట్ట పడితే తప్ప. చక్రం తిప్పింది, బిగుసుకుని, మెల్లగా కదిలింది, మసకలోంచి ఏదో పైకి తేలి, తేలి, ఒక్కసారిగా నిలిచింది. గులాబీ రంగు చర్మం, దాని మీద విడివిడిగా నాలుగు వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక చివరా ఒక్కో వానచుక్క. కన్ను గోధుమరంగు. కంటికి అడ్డంగా ఒక తెర వచ్చి తుడిచి పోయింది. దీనికీ ఉంది. దీనికీ ఉంది, రోజూ ఛీ అని తరిమే దీనికీ. అది వీపు తిప్పి, మెడ సాచి, రెక్క కింద ఈకలను ఒక్కొక్కటీ ముక్కుతో దువ్వుకుంటోంది, తోక కింద ఈకలు మంచు పొగలా తెల్లగా ఉన్నాయి, అంత తెలుపు అక్కడ దాచుకుని తిరుగుతోందా ఇన్నాళ్ళూ. ఆమె ఇక్కడుంది, అది రోడ్డుకు అవతల ఉంది. తనను ఎవరో చూస్తున్నారని దానికి తెలియదు. భయపడలేదు, లేచిపోలేదు, తన పని తాను చేసుకుంటోంది. ఎవరి మీదా ఎండ పడనివ్వకుండా ఇంత దగ్గరికి పోవచ్చా.

ఫోన్ చేసింది.

"కొన్నావా అక్కా?" నాలోంగో గొంతు వెనక బొగ్గులు చిటపటమంటున్నాయి. "ఆ చిన్నదేనా? శనివారం నాంసాంబ వాళ్ళింట్లో క్వాంజులా, నేను మాటిచ్చేశా."

"ఇంకా కొనలేదే. ఇంకోటి చూశాను. పొడుగు లెన్సు."

"ఎంత పొడుగు?"

"మోచెయ్యంత."

"బాగుంది. అయితే పెళ్ళికూతురు ఇంట్లో కూర్చుంటే నువ్వు పక్కూరి అరటితోటలో నిలబడి తీస్తావా? కాస్త నవ్వండమ్మా అని నేను మధ్యలో పరిగెత్తి చెప్పి రావాలా?"

నల్వోగకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే మిగతాది కూడా వచ్చేసింది. "నాలోంగో, నీకు చెప్పలేదు. పడమటి వైపు గూట్లో రెండున్నాయి."

అటునుంచి ఎవరో అరటిపండు ఎంత అని అడిగారు.

"రెండూనా?" అంది నాలోంగో.

"రెండూ."

"చిన్నది కూడా?"

"చిన్నది కూడా. మొన్న దగ్గరికి పోయాను నేను. ఫోటో కోసం. తల్లి లేచిపోయింది, ఎండలో అది తల వాల్చేసింది. నా వల్లే. మళ్ళీ తల్లి నీళ్ళు తెచ్చి పోస్తే లేచింది. ఎవరికీ చెప్పలేదు." ఇంత చెప్పి, పక్కన గోడకు వీపు ఆనించి నిలబడింది. తిడుతుంది, తిట్టాలి కూడా. కొంగ ఇంకా దువ్వుకుంటూనే ఉంది.

"ఎన్నిసార్లు తెచ్చింది నీళ్ళు?" అంది నాలోంగో.

"మూడుసార్లు చూశాను నేను."

"మూడుసార్లు." ఆ మాట తనకోసం అనుకుంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది, పొగ అయ్యుండొచ్చు. "ఇకమీదట దగ్గరికి పోవద్దు నువ్వు."

"పోను. అందుకే ఇది."

"ఆ పొడుగుదే కొను. నాంసాంబ వాళ్ళకు నేను చెప్పుకుంటా, మా అక్క ఆ వీధి చివరినుంచి తీసే కొత్త పద్ధతి నేర్చుకుందని చెప్తా. తర్వాత చిన్న లెన్సు కూడా దీనికే తగిలించొచ్చా?"

"తగిలించొచ్చు. అలాంటిదే ఇది."

"మరి ఇంకేంటి. నా సగం డబ్బుకు చిన్నదాని ఫోటో నాది. పెద్దది నువ్వుంచుకో." మళ్ళీ వెంటనే, ఇంకెవరితోనో, "అయిదొందల షిల్లింగులయ్యా, పండు చూడు ఎలా ఉందో!" అని అరిచి పెట్టేసింది.

లోపలికి వచ్చి పాతదాని మీద చెయ్యి వేసింది నల్వోగ. లుబోవా కొత్తదాని వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, మూత పెట్టేశాడు. బేరం ఎంతోసేపు జరగలేదు, కిసాచే వాళ్ళమ్మ మిషను ఆపి "ఒరేయ్, ఆ చక్రం తిరగడంలేదని నువ్వే కదా అన్నావు, తిరగనిదానికి ధరేమిటి," అని అడ్డం పడింది, లుబోవా తలకొట్టుకుని తగ్గించి, కార్డొకటి, చార్జరొకటి పడేసి, "కొట్లోవాళ్ళే ఇలా అయితే నేను అమ్మినట్టే," అన్నాడు. పట్టీ మెడలో వేసుకుంది. పట్టీ పొట్టిది, సర్దే మెలిక విరిగిపోయింది, కెమెరా గడ్డం కిందికి వచ్చి ఆగింది.

వాన వెలిసింది. నడవా చివర, తూర్పు వైపు, మబ్బులు చీలిన చోట నీలం కడిగినట్టుంది, అందులో సగం చంద్రుడు ఉన్నాడు, పగటి చంద్రుడు, ఎండలో వెలిసిన గుడ్డముక్కలాగా. ఊరికే, ఏమీ అనుకోకుండా, అటు ఎత్తింది. తిప్పింది. నిలిచింది. ఏం చేస్తోందో తెలియకుండానే నొక్కింది, ఈసారి చప్పుడొచ్చింది, తలుపు గడియ పడ్డట్టు. వెనక తెర మీద పెద్దది చేసి చూసింది. చంద్రుడు బల్లపరుపుగా లేడు. ఉండ. గుండ్రంగా, బరువుగా, దేనికీ కట్టకుండా వేలాడుతున్న ఉండ, వెలుగు ఆగిపోయిన అంచు తిన్నగా లేదు, గరుకుగా, గుంటలు గుంటలుగా, ఒక్కో గుంటకు ఒక గట్టు, ఒక్కో గట్టుకు ఒక నీడ. అక్కడ ఎండ పడుతోంది. ఇప్పుడే, ఈ నడవాలో పడుతున్న ఎండే.

"లుబోవా," అని పిలిచింది. అతను వచ్చి చూసి, "ఏముందక్కా, చంద్రుడే కదా," అని, తెర మీదికి వంగి ఇంకోసారి చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా అమ్ముతున్నాడు, ఒక్కటీ పైకి తిప్పి చూడలేదట. కిసాచే వాళ్ళమ్మ వచ్చింది, టీ అమ్మే ఆవిడ వచ్చింది, పక్క కొట్టులో ఫోన్లు బాగుచేసేవాళ్ళు వచ్చారు, తెర మీద బొమ్మ వద్దు, అసలుది చూపించమన్నారు. పట్టీ మెడలోంచి తీయడం ఎవరికీ తోచలేదు, నల్వోగకూ తోచలేదు, అంచేత చూడాలనుకున్న ప్రతివాళ్ళూ ఆమెకు చెంప ఆనించి, భుజం పట్టుకుని, ఒక కన్ను గట్టిగా మూసుకుని చూడాల్సి వచ్చింది. కొబ్బరినూనె వాసన, అల్లం టీ వాసన, కాలిన టంకం వాసన. ఆమె కెమెరాను కదలకుండా పట్టుకుని, ఎదురుగా గోడను చూస్తూ నిలబడింది. ఏమీ కనిపించలేదు ఆమెకు, వినిపించింది. ఒక్కొక్కళ్ళూ గొణుక్కుంటూ, నవ్వుకుంటూ, ఎక్కడ ఎక్కడ అంటూ వెతికేవాళ్ళు, ఉన్నట్టుండి ఆమె చెవి పక్కన ఊపిరి ఆగేది.